తీరం దాటిందనగానే నిద్రపోయాం: సముద్రం బులెటిన్ మనం ఎలా చదవాలి?

వర్ధన్నపేట_వడ్లు · ఆదివారం, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. మాది వర్ధన్నపేట దగ్గర ఊరు. మూడెకరాల వరి, రెండెకరాల పత్తి. మళ్లీ కోతల కాలం వస్తోంది కాబట్టి ఈ సంగతి ఇప్పుడే అడుగుతున్నా.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటుతుంటే ఇంట్లో అందరం టీవీ ముందే కూర్చున్నాం. మా వడ్లు కల్లంలో కుప్ప పోసి ఉన్నాయి. తేమ 17 శాతానికి దిగితేనే కాంటా పెడతారు, మావి అప్పటికి 20 దగ్గర ఉన్నాయి. మా చిన్నాయన ట్రాక్టర్ పంపిస్తా, బస్తాల్లో నింపి మా రేకుల షెడ్డులో వేసుకోండి అన్నాడు. అంతలో టీవీలో 'తీరం దాటింది, బలహీనపడుతోంది' అని వచ్చింది. మా నాన్న గండం గడిచిందన్నాడు. ట్రాక్టర్ వద్దని చెప్పి పడుకున్నాం.

తెల్లారేసరికి ముసురు. మధ్యాహ్నానికి ముసురు కాదు, కుండపోత. పరదా పైనుంచి చుక్క కూడా దిగలేదు, నీళ్లు కింది నుంచి వచ్చాయి. మూడో రోజు కుప్పలో చెయ్యి పెడితే లోపల వెచ్చగా తగిలింది, పులిసిన వాసన. గింజ గింజకూ తెల్లటి మొలక, పరదా ఎత్తితే దానికే అతుక్కుని వచ్చాయి.

నాకు తెలియాల్సింది ఒకటే. తుపాను సముద్రంలో ఉన్నప్పుడే మన దాకా ఏం వస్తుందో మామూలు రైతు ఎలా అంచనా వేసుకోవాలి? సముద్రం వాళ్లకిచ్చే బులెటిన్లు ఇంటర్నెట్లో ఉంటాయట. వాటిని చదవడం ఎవరైనా నేర్పుతారా?

---

విండీ_కరీంనగర్ · ఆదివారం, ఉదయం 8:15

అన్నా, మీ నష్టం చదివి బాధేసింది. నేను రోజూ ఫోన్లో విండీ అనే వాతావరణ యాప్ చూస్తా. వాతావరణాన్ని కంప్యూటర్‌తో అంచనా వేసే యూరప్ మోడల్, అమెరికా మోడల్ రెండూ అందులోనే ఉంటాయి. ఎరుపు, ఊదా రంగు మన జిల్లా మీదికి వస్తే వాన గట్టిగా ఉన్నట్టు. బులెటిన్ చదవాల్సిన పని లేదనుకుంటా, రంగు చూస్తే చాలు.

---

డెక్_మీద_పదహారేళ్లు · ఆదివారం, ఉదయం 10:40

హన్మకొండ వాడిని. పదహారేళ్లు సరుకు ఓడల్లో అధికారిగా చేశాను, అందులో సగం కాలం బంగాళాఖాతంలోనే గడిచింది. తమ్మీ, రంగు చూడు, వద్దనను. కానీ ఆ యాప్ తెరిచేటప్పుడు చాలామంది గాలి పొర పెట్టుకుని చూస్తారు. తుపాను భూమి మీదికి రాగానే గాలి రంగు చల్లబడుతుంది, చూసినవాడు పోయిందనుకుంటాడు. వర్ధన్నపేట తమ్ముడి ఇంట్లో ఆ రాత్రి జరిగిందీ అదే. టీవీ చెప్పిన 'బలహీనపడింది' అన్న మాట గాలి గురించి. మన వాతావరణ శాఖ ఈ వ్యవస్థలకు పేరు పెట్టేది గాలి వేగాన్ని బట్టే. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లయితే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను. ఈ మెట్లలో వాన లెక్క ఎక్కడా లేదు.

నేల మీదికి రాగానే గాలి ఎందుకు తగ్గుతుందంటే, సముద్రపు వేడి నీళ్లు దానికి పొయ్యి లాంటివి. నీటి పైపొర కనీసం 26.5 డిగ్రీలు ఉంటేనే తుపాను పుడుతుంది, బంగాళాఖాతంలో అక్టోబరులో అంతకంటే ఎక్కువే ఉంటుంది. తీరం దాటగానే పొయ్యి ఆరుతుంది, చెట్లూ గుట్టలూ ఇళ్లూ గాలికి అడ్డం పడతాయి. కానీ అది మోసుకొచ్చిన తడి ఎక్కడికి పోతుంది? పైగా ఒక చెయ్యి ఇంకా సముద్రం మీదే ఉంటుంది, వెనక నుంచి తడి గాలి లాగుతూనే ఉంటుంది. గాలి తగ్గాక నడక కూడా నెమ్మదించిందంటే మోసిందంతా ఒకచోటే గుమ్మరిస్తుంది. ఓడలో ఉన్నప్పుడు తీరం దాటిందంటే మాకు ఊపిరి ఆడేది. వరంగల్ వాడికి ఆ మాట లెక్క మొదలుపెట్టాల్సిన గంట.

బులెటిన్ సంగతి సాయంత్రం రాస్తా. బజారు పనుంది.

---

పరకాల_పత్తి · ఆదివారం, మధ్యాహ్నం 12:20

నాకు అరవై ఎనిమిదేండ్లు, నా మనుమడు టైపు చేసి పెడుతున్నడు. మా నాయిన చదువుకోలేదు గానీ స్వాతి కార్తెల తూర్పు గాలి తిరిగితే పత్తి ఏరుడు ఆపి కూలోళ్లను ఇంటికి పంపేటోడు. చిత్త, స్వాతి కార్తెల మొగులు సముద్రం మొగులు అనేటోడు. మొంథా వచ్చింది స్వాతి కార్తెలనే. బులెటిన్ మంచిదే, కానీ గాలిని చూసుడు మర్వొద్దు.

---

చేపల_అంగడి_వరంగల్ · ఆదివారం, మధ్యాహ్నం 3:05

నేను చేపల వ్యాపారం చేస్తాను. కొర్రమీను, బొచ్చె మన చెరువులవే. వంజరం, చందువ మాత్రం కాకినాడ, విశాఖ నుంచి ఐసు పెట్టెల్లో వస్తాయి. అందుకే సముద్రం సంగతి నాకు టీవీ కంటే ముందే తెలుస్తుంది. 'అక్కా, బోట్లన్నీ ఒడ్డుకు రమ్మన్నారు, రేపటి నుంచి సరుకు లేదు' అని అక్కడి నుంచి ఫోన్ వస్తుంది. అల్పపీడనం వాయుగుండంగా మారుతుందని అంచనా రాగానే మత్స్యకారులకు వేటకు వెళ్లొద్దని హెచ్చరిక ఇస్తారు. అప్పటికి మన ఆకాశంలో చిన్న మబ్బు తునక కూడా ఉండదు.

మొంథా అప్పుడూ నాకు ముందే ఫోన్ వచ్చింది. నేను ఐసు ఆర్డర్ ఆపుకున్నాను. అంతకు మించి ఆలోచన పోలేదు, పక్క వీధిలో ఉండే రైతు చుట్టాలకు కూడా చెప్పలేదు. ఇప్పుడు ఈ పోస్టు చదువుతుంటే మనసు కలుక్కుమంటోంది.

ఇంకో సంగతి. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఉంది. 1999లో పెట్టారు. సముద్రం ఒడ్డున లేని ఊళ్లో కూర్చుని దేశం మొత్తానికి అలల ఎత్తు, నీటి ప్రవాహం, సునామీ హెచ్చరికలు ఇచ్చేది వాళ్లే. చేపలు ఎక్కడ గుమిగూడుతాయో ఉపగ్రహం చూసిన నీటి వేడిని, నీటి పచ్చదనాన్ని బట్టి చెప్పేదీ వాళ్లే. మా బోట్ల వాళ్లు ఆ మెసేజ్ చూడకుండా డీజిల్ పోయించరు.

---

డెక్_మీద_పదహారేళ్లు · ఆదివారం, రాత్రి 7:30

ముందు పరకాల పెద్దాయనకు నమస్కారం. మీ నాయిన గారు చూసింది మేం నావిగేషన్ పరీక్షలో చదువుకున్నదే. భూమధ్యరేఖకు ఉత్తరాన మనం గాలికి ఎదురుగా నిలబడితే అల్పపీడన కేంద్రం మన కుడిచేతి వైపు, కాస్త వెనక్కి ఉంటుంది. మన దగ్గర ఈశాన్యం నుంచి గాలి తిరిగిందనుకోండి. దానికి ఎదురుగా నిలబడితే కుడిచెయ్యి ఆగ్నేయం వైపు ఉంటుంది. అంటే కేంద్రం కోస్తా వైపు ఉన్నట్టు. అదే గాలి మెల్లగా తూర్పుకు తిరిగితే కేంద్రం మనకు దక్షిణానికి వచ్చినట్టు. ఇంటి మీద ఒక గుడ్డ పీలిక కట్టుకున్నా చాలు.

ఇక బులెటిన్. బంగాళాఖాతం, అరేబియా సముద్రం రెండింటికీ తుపాను బులెటిన్ ఇచ్చేది ఢిల్లీలోని వాతావరణ శాఖ కేంద్రమే. తుపాను అయ్యాక మూడు గంటలకోసారి వస్తుంది. అందులో నాలుగు విషయాలు వెతుక్కోండి: కేంద్రం ఏ అక్షాంశం, ఏ రేఖాంశం మీద ఉంది, గత ఆరు గంటల్లో ఏ దిక్కుకు ఎంత వేగంతో కదిలింది, రాబోయే స్థానాలేంటి, ఆ స్థానాలు ఏ గంటకు. గాలి వేగం ఐదోది, మనకు అంత ముఖ్యం కాదు.

మోసపోయే చోట్లు రెండు. మొదటిది నాట్లు, అంటే సముద్రం వాళ్లు వాడే వేగం కొలత. 45 నాట్లు అని రాసి ఉంటే 45 కిలోమీటర్లని చదువుకోవద్దు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు, కాబట్టి అది గంటకు 83. రెండోది టైము. యూటీసీ అని రాస్తారు, అంటే ప్రపంచమంతటికీ ఒకటే లెక్క టైము, మన టైము కావాలంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి. 0300 యూటీసీ అంటే తెల్లవారుజాము మూడు కాదు, మన ఉదయం ఎనిమిదిన్నర. కొత్తగా ఓడెక్కిన పిల్లలు ఇక్కడే తప్పు చేసేవాళ్లు, నేనూ చేశాను. ఐదున్నర గంటల తేడా అంటే కల్లంలో వడ్లన్నీ బస్తాలకెత్తుకునేంత టైము.

---

భూగోళం_టీచర్_ములుగు · ఆదివారం, రాత్రి 9:10

సార్ చెప్పిన ఎనిమిదిన్నరతోనే నా మాట మొదలుపెడతాను. మన దగ్గర రోజు వాన లెక్క ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు. 2023 జూలై 27 ఉదయంతో ముగిసిన ఆ ఒక్క రోజులో మా జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. తెలంగాణలో ఒక్క రోజు వానలో అదే రికార్డు. అంతకు ముందు రికార్డు కూడా మా వైపుదే, 2013 జూలై 19న వాజేడులో 517.5. ఒక రోజులో 204.4 మిల్లీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షం అంటారు, దానికి మూడింతల పైన పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో జనం ఇళ్ల కప్పుల మీదికెక్కారు, కొందరిని హెలికాప్టర్లతో దించాల్సి వచ్చింది. మా బడిలో ఆ ఊరి పిల్లలున్నారు. ఇప్పటికీ రాత్రి వాన గట్టిగా పడితే పుస్తకాల సంచి మంచం మీద పెట్టుకుని పడుకుంటారు.

నేను గట్టిగా చెప్పదలుచుకున్నదేంటంటే, ఆ రోజు తుపాను లేదు. ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా తీరాల దగ్గర ఒక అల్పపీడనం ఉంది, అంతే. దానికి పేరు లేదు. తుపాను స్థాయికి వస్తేనే పేరు పెడతారు. ఈ సముద్రాల చుట్టూ ఉన్న 13 దేశాలు ఇచ్చిన జాబితా నుంచి వరసగా తీస్తారు, మొంథా థాయిలాండ్ ఇచ్చింది. పేరు వస్తేనే టీవీలు రోజంతా చూపిస్తాయి.

వానాకాలంలో పేరున్న తుపాన్లు ఎందుకు అరుదంటే, కింద గాలి పడమటి నుంచి, పైన గాలి తూర్పు నుంచి బలంగా వీస్తాయి. పైకి లేచే మేఘపు స్తంభం నిలబడలేక వాలిపోతుంది. నైరుతి వెనక్కి తగ్గాక, అంటే అక్టోబరు, నవంబరుల్లో ఆ తేడా తగ్గుతుంది. అందుకే అప్పుడు తుపాన్లు. మరి జూలైలో ఒడిశా దగ్గర అల్పపీడనం ఉంటే వాన మనకెందుకంటే, రుతుపవనాల కాలపు అల్పపీడనానికైనా, వాయుగుండానికైనా నైరుతి మూలనే ఎక్కువ వాన కురుస్తుంది. మ్యాపులో ఒడిశా తీరం మీద వేలు పెట్టి నైరుతికి జరపండి. ములుగు, భూపాలపల్లి, భద్రాచలం.

కాబట్టి రెండు కాలాలకు రెండు చూపులు కావాలి. జూలై, ఆగస్టుల్లో కళింగపట్నం, గోపాలపూర్ వైపు చూడాలి. అక్టోబరులో మచిలీపట్నం, నరసాపురం, కాకినాడ వైపు చూడాలి.

---

కాజీపేట_పట్టాలు · సోమవారం, ఉదయం 5:35

రైల్వేలో పట్టాల పని. నైట్ డ్యూటీ దిగి చదివాను. టీచర్ గారు చెప్పినదానికి నేను సాక్షిని. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి ప్రాంతంలో కళింగపట్నం దగ్గర తీరం దాటింది వాయుగుండమే, పేరు లేదు. మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల్లో ఆ రాత్రి నుంచి పడిన వానకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర, మట్టి మొత్తం కొట్టుకుపోయింది. టార్చి వేస్తే స్లీపర్లతో సహా పట్టాలు గాలిలో నిచ్చెనలా వేలాడుతున్నాయి, కింద నీళ్లు. మొంథా అప్పుడు డోర్నకల్ స్టేషన్ నీళ్లలో ఉంది. రెండు సార్లూ తీరానికీ మాకూ మధ్య వందల కిలోమీటర్లు.

---

విండీ_కరీంనగర్ · సోమవారం, ఉదయం 9:00

టీచర్ గారూ, సార్, నా మొదటి పోస్టు తప్పని ఒప్పుకుంటున్నా. నిన్న రాత్రి యాప్‌లో చూశా, నేను ఇన్నాళ్లూ పెట్టుకున్నది గాలి పొరే. మూడు రోజుల మొత్తం వాన చూపే పొర వేరుగా ఉంది. ఒక సందేహం. రెండు మోడళ్లు రెండు చోట్ల చూపిస్తే ఏది నమ్మాలి?

---

డెక్_మీద_పదహారేళ్లు · సోమవారం, ఉదయం 11:20

ఒకదాన్ని నమ్మి రెండోదాన్ని వదిలెయ్యొద్దు. రెంటి మధ్య ఎంత దూరం ఉందో, అది మనకున్న అనుమానపు కొలత. ఐదు రోజుల ముందు ఒకటి ఒంగోలు, ఒకటి విశాఖ చూపిస్తే ఇంకా ఎవరికీ తెలియదని అర్థం. రెండు రోజుల ముందు రెండూ దగ్గరకొస్తే పరదాలు, బస్తాలు, మనుషులు సిద్ధం చేసుకోవాలి. వాతావరణ శాఖ మ్యాపులో తుపాను దారి చుట్టూ గరాటు ఆకారం గీస్తుంది చూడు, అది ఈ అనుమానమే. ఆ గరాటు తుపాను కేంద్రానికి మాత్రమే. వాన దాని బయట కూడా పడుతుంది.

ఇంకోటి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైనది. ఓడలో గాలి పీడనం కొలిచే బారోమీటర్ ఉంటుంది. ఉష్ణమండల సముద్రాల్లో గాలి పీడనం రోజుకు రెండుసార్లు ఊపిరి పీల్చినట్టు లేచి దిగుతుంది. ఉదయం పది, రాత్రి పది దగ్గర ఎక్కువ. తెల్లవారుజాము నాలుగు, సాయంత్రం నాలుగు దగ్గర తక్కువ. ఆకాశం ఎంత తేటగా ఉన్నా ఆ లయ తప్పిందంటే, ఉదయం పదింటికి పెరగాల్సింది పెరగలేదంటే, మా కెప్టెన్ టీ కప్పు పక్కన పెట్టేసేవాడు. ఆ కాలానికి ఉండాల్సిన దానికంటే మూడు మిల్లీబార్లు తగ్గితే అనుమానం, ఐదు తగ్గితే తుపాను దగ్గర్లో ఉన్నట్టే. ఇప్పుడు కొన్ని ఫోన్లలోనే ఆ సెన్సర్ ఉంది. మనం సముద్రమట్టానికి ఎత్తులో ఉంటాం కాబట్టి అంకె తక్కువ చూపిస్తుంది, దానితో పని లేదు. నిన్న ఇదే గంటకు ఎంత, ఇవాళ ఎంత, అదొక్కటే చూడండి.

---

పరకాల_పత్తి · సోమవారం, మధ్యాహ్నం 1:45

నా మనుమని ఫోన్ల ఆ సెన్సర్ ఉన్నదట. పొద్దున పదింటికి రాసిపెట్టమన్న. గోడ మీద బొగ్గుతోని రాసిండు.

---

వర్ధన్నపేట_వడ్లు · సోమవారం, రాత్రి 8:40

అందరికీ దండాలు. నిన్నటి నుంచి మా చెల్లి స్కూలు అట్లాసు పెట్టుకుని కూర్చున్నా. మొంథాతోనే లెక్క చేసి చూశాను, తప్పుంటే దిద్దండి.

నరసాపురం ఇంచుమించు 16.4 ఉత్తరం, 81.7 తూర్పు. వరంగల్ 18.0, 79.6. ఉత్తరానికి 1.6 డిగ్రీలు, డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 178. పడమరకు 2.1 డిగ్రీలు, మన దగ్గర డిగ్రీకి 106 చొప్పున 223. రెండూ కలిపి మూలగా చూస్తే 285. గంటకు 15 కిలోమీటర్లు నడిచిందనుకుంటే 19 గంటలు. అర్ధరాత్రి తీరం దాటిన కేంద్రం మన వైపే వస్తే మర్నాడు సాయంత్రం ఏడింటికి చేరాలి.

అంటే ఆ రాత్రి మా చేతిలో 19 గంటలున్నాయి. చిన్నాయన ట్రాక్టర్ రెండు ట్రిప్పులు వేస్తే చాలు. ఈ అంకె కాగితం మీద కనిపించినప్పటి నుంచి అన్నం సహించలేదు.

---

డెక్_మీద_పదహారేళ్లు · సోమవారం, రాత్రి 9:55

తమ్మీ, లెక్క బాగా చేశావు. దూరం సరిగ్గా ఉంది. ఒక్క చోట దిద్దాలి. 19 గంటలు కేంద్రానికి, వానకు కాదు. వాన మబ్బు కేంద్రానికి రెండు మూడు వందల కిలోమీటర్ల ముందే నడుస్తుంది. నువ్వే రాశావు కదా, తెల్లారేసరికి ముసురు అని. కాబట్టి నీ చేతిలో ఉన్నవి ఐదారు గంటలు, అవీ చీకట్లో. ఆ రాత్రి ట్రాక్టర్ వచ్చినా సగమే దక్కేది. గంటలు లెక్కపెట్టడం తీరం దాటాక కాదు, చేపల అక్కకు ఫోన్ వచ్చిన రోజు మొదలుపెట్టాలి. భోజనం చెయ్యి.

---

భూగోళం_టీచర్_ములుగు · సోమవారం, రాత్రి 10:20

నీళ్లు కింది నుంచి వచ్చాయన్నారు కదా, దానికి కూడా ఒక లెక్క. ఎకరం మీద ఒక్క సెంటీమీటర్ వాన పడితే సుమారు 40 వేల లీటర్లు. మొంథా రోజు హన్మకొండ జిల్లా భీమదేవరపల్లిలో 40 సెంటీమీటర్లు దాటింది. ఎకరానికి 16 లక్షల లీటర్లు. ఏ పరదా ఆపుతుంది? కుప్పను ఎత్తు మీదికి మార్చడం, చుట్టూ కాలువ తీయడం, ఇవి రెండూ పరదా కంటే ముందు చేయాల్సినవి.

---

చేపల_అంగడి_వరంగల్ · మంగళవారం, ఉదయం 7:10

వర్ధన్నపేట తమ్ముడూ, నీ నంబరు నాకు మెసేజ్‌లో పంపు. ఇక మీదట కాకినాడ నుంచి 'బోట్లు ఒడ్డుకు' అని ఫోన్ రాగానే ఐసు వాడి కంటే ముందు నీకే చేస్తా. పరకాల పెద్దనాన్న నంబరు కూడా కావాలి.

---

వర్ధన్నపేట_వడ్లు · మంగళవారం, ఉదయం 7:45

పంపాను అక్కా. మా ఊరి కల్లం దగ్గర గోడకు నల్ల రంగు వేయిస్తున్నా. రోజూ దాని మీద మూడు గీతలు: కేంద్రం ఎక్కడ, ఏ దిక్కుకు ఎంత వేగం, ఇవాళ పదింటికి పీడనం నిన్నటి కంటే ఎంత తేడా. సుద్దముక్క మా నాన్న చేతికే ఇచ్చాను. సార్, యూటీసీకి ఐదున్నర కలపాలని కూడా పైన పెద్దక్షరాలతో రాయించమంటారా?

---

డెక్_మీద_పదహారేళ్లు · మంగళవారం, ఉదయం 8:30

రాయించు. ఇప్పుడు సరిగ్గా 0300 యూటీసీ.